అంతకుముందు ఏ సూది పడింది?

రాత్రిపూట నలుగురు పట్టుకుని క్యాజువాల్టీకి తెచ్చే మనిషి పేరు కూడా నేను తర్వాతే అడుగుతాను. ముందు అడిగేది ఇది: ఇక్కడికి తెచ్చేముందు సూది ఏమన్నా వేయించారా? గోళీలు మింగించారా? కల్లు గానీ మందు గానీ తాగిండా? వెంట వచ్చినవాళ్లకు ఈ ప్రశ్నలంటే చిరాకు. తమ్ముడో కొడుకో స్ట్రెచర్ మీంచి దూకబోతుంటే, ఆ అరుపులకు వార్డంతా లేచి కూర్చుంటుంటే, ఈమె తీరిగ్గా పురాణం అడుగుతోందేమిటని వాళ్ల బాధ. ‘ముందు మత్తు సూది ఏసి పండబెట్టుండ్రి సిస్టర్, ముచ్చట పొద్దుగాల మాట్లాడుకుందాం’ అంటారు.

మేం ఇచ్చేది చాలాసార్లు ఒక మందు కాదు, రెండు మందుల జత. ఏ జత ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో తేలేది వాళ్లు చెప్పే ఆ పురాణం మీదే. నేను తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఉద్యోగంలో ఎక్కువ భాగం క్యాజువాల్టీకీ మానసిక వార్డుకీ మధ్యే గడిచింది. డాక్టరు రాసిన రెండు మందుల వెనక లెక్కేమిటో ఇంట్లోవాళ్లకు విడమర్చి చెప్పే తీరిక ఆ సమయంలో ఎవరికీ ఉండదు కనుక, ఇక్కడ చెబుతున్నాను.

మనిషి అదుపు తప్పి తిరగబడితే అదంతా మానసిక జబ్బే అనుకోవడం మొదటి పొరపాటు. షుగరు గోళీ వేసుకుని అన్నం తినని పెద్దాయన కూడా అలాగే కేకలు వేస్తాడు. బండి మీంచి పడి తలలో రక్తం గడ్డకట్టిన కుర్రాడూ అంతే, వాడి నోట మందు వాసన ఉంటే ‘తాగి గొడవ చేస్తుండు’ అని అందరూ తేల్చేస్తారు. అందుకే సూదికంటే ముందు వేలి కొసన చుక్క రక్తం తీసి షుగరు చూస్తాం, జ్వరం చూస్తాం, తల తడిమి చూస్తాం. షుగరు పడిపోయిన మనిషికి కావాల్సింది గ్లూకోజు. తలకు దెబ్బ తగిలినవాడికి మత్తిస్తే లోపల ఏం జరుగుతోందో పైకి తెలియకుండా పోతుంది.

ఆ తర్వాత మాట. దీన్ని తక్కువగా చూస్తారు గానీ చాలామందికి సూది అవసరం తప్పేది ఇక్కడే. చుట్టూ మూగి తలో సలహా ఇచ్చేవాళ్లను బయటికి పంపుతాం. లోపల ఒక్కరే మాట్లాడాలి. చెయ్యి చాచితే అందనంత దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు నిలబడతాను. తలుపుకు అడ్డం నిలబడను. దారి మూసుకుపోయిందనిపిస్తే భయపడ్డ మనిషికి భయం రెట్టింపవుతుంది. ‘అన్నా, నిద్రపోయి ఎన్ని దినాలైంది?’ అని అడిగితే అప్పటిదాకా తిట్టినవాడు సైతం ఆగి లెక్కపెట్టడం చూశాను. మంచినీళ్లిస్తాం. ‘గోళీ వేసుకుంటవా, సూది వేయాల్నా?’ అంటాం. ఆ రెండిట్లో ఒకటి ఎంచుకునే హక్కు తన చేతిలో ఉందని తెలిశాక గోళీకి చెయ్యి చాపేవాళ్లు తక్కువేం కాదు. నాలుక మీద కరిగిపోయే ఓలాంజపైన్ గోళీ ఉంది, లొరాజెపామ్ గోళీ ఉంది.

దేనికీ ఒప్పుకోకపోతే, తనకో పక్కవాళ్లకో దెబ్బ తగిలేలా ఉంటే, అప్పుడు ట్రేలోకి ఆంప్యూల్స్ వస్తాయి. మా దగ్గర ఎక్కువగా కనబడే జత హాలోపెరిడాల్, ప్రోమెథజైన్. వార్డులో కంపెనీ పేర్లతో సెరెనేస్, ఫెనర్గాన్ అనేస్తాం. హాలోపెరిడాల్ ఒక ఎంఎల్‌లో 5 మిల్లీగ్రాములు, ప్రోమెథజైన్ ఒక ఎంఎల్‌లో 25. రెండూ కండలోకే. ఇవి కాకపోతే ఫ్రిజ్‌లోంచి లొరాజెపామ్ తీస్తాం.

హాలోపెరిడాల్ మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. ఎవరో తనను చంపడానికి వస్తున్నారన్న నమ్మకం, చెవిలో వినిపించే ఆజ్ఞలు, వాటి వెనక ఉండే ఉద్రేకం ఆ దారిలో తగ్గుతాయి. ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. జబ్బు నయమయ్యేది ఆ రాత్రి ఇచ్చే సూదితో కాదు. దానికి రోజులు, వారాలు మందు వాడాలి. ఆ రాత్రి కావాల్సింది మనిషి కుదుటపడడం, అంతే. ప్రోమెథజైన్ అసలు ఎలర్జీ మందు. దురదకూ వాంతికీ వాడతాం. అది నిద్ర తెస్తుంది. దానికి ఇంకో గుణం ఉంది, జతలో దానికి చోటు దొరికింది ప్రధానంగా ఆ గుణం వల్లే. దాని గురించి కింద చెబుతాను. లొరాజెపామ్, డయజెపామ్, మిడజోలామ్ వేరే కుటుంబం. మెదడుకు తనదైన బ్రేకు ఒకటి ఉంటుంది, ఇవి ఆ బ్రేకును గట్టిగా తొక్కుతాయి.

ఈ మందులు పుట్టిన వరుస వింతగా ఉంటుంది. ప్రోమెథజైన్‌ను 1940లలో ఫ్రాన్స్‌లో రోన్ పులాంక్ అనే కంపెనీ ఎలర్జీ కోసం తయారుచేసింది. ఆన్రీ లబోరి అనే సర్జన్ దాన్ని ఆపరేషన్ పేషెంట్లకు వాడి, వాళ్లు దిగులు లేకుండా నెమ్మదిగా ఉండడం గమనించాడు. అదే జాతిలో ఇంకా బలమైనదాని కోసం వెతికితే 1950 డిసెంబరులో క్లోర్‌ప్రోమజైన్ వచ్చింది. 1952లో పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో డిలే, డెనికర్ అనే డాక్టర్లు దాన్ని మానసిక రోగులకు వాడారు. హాలోపెరిడాల్‌ను 1958లో బెల్జియంలో పాల్ యాన్సెన్ ప్రయోగశాల నొప్పి మందుల దారిలో వెతుకుతూ పట్టుకుంది. మన దేశం మాట చెప్పుకోవాలంటే, 1931లోనే కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ సర్పగంధ వేరు ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేస్తుందని రాశారు. ఇవన్నీ రాకముందు ఉన్నవి తాళ్లు, గొలుసులు, గదంతా కంపుకొట్టే పారాల్డిహైడ్.

జత కట్టడం వల్ల నిజంగా లాభం ఉందా, లేక డాక్టర్ల అలవాటేనా? మన దేశంలోనే, తమిళనాడులోని వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో దీన్ని పరీక్షకు పెట్టారు. 2004లో అచ్చయిన ఆ అధ్యయనంలో అదుపు తప్పి వచ్చిన 200 మందిని చీట్లు తీసినట్టు రెండుగా విడదీశారు. 100 మందికి లొరాజెపామ్ 4 మిల్లీగ్రాములు, మరో 100 మందికి హాలోపెరిడాల్ 10 మిల్లీగ్రాములతో పాటు ప్రోమెథజైన్. నాలుగు గంటల తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ నూటికి 96 మంది నెమ్మదించో నిద్రపోయో ఉన్నారు. తేడా ఎక్కడంటే, జత మందు వేసినవాళ్లలో 76 శాతం నిద్రలో ఉన్నారు, లొరాజెపామ్ వాళ్లలో 45 శాతమే. జత త్వరగా కూడా పనిచేసింది. అంటే ఏది మేలు? ఒక్క డాక్టరు నలభై మందిని చూడాల్సిన చోట త్వరగా నిద్రపుచ్చేది మేలనిపిస్తుంది. మనిషితో మాట్లాడి జబ్బేమిటో తెలుసుకోవాలనుకుంటే, నెమ్మదిగా ఉండి మెలకువగా ఉండడమే నయం. నా మొగ్గు రెండోదాని వైపే, కానీ అది సిబ్బంది చాలినంత ఉన్న వార్డుల్లో చెల్లే మాట.

వెల్లూరుకు ముందే బ్రెజిల్‌లో, రియో డి జనీరోలో ఇదే వరుసలో 301 మంది మీద ఒక పరీక్ష జరిగింది. అక్కడ మిడజోలామ్ ఇంకా వేగం. 20 నిమిషాలకు 89 శాతం మంది నెమ్మదించారు, జత మందుతో 67 శాతం. కానీ మిడజోలామ్ ఊపిరిని మందగింపజేయగలదు, కాబట్టి పక్కన ఆక్సిజన్, చూసే కళ్లు లేనిచోట దాన్ని నేను కోరుకోను. 2007లో అచ్చయిన రియో రెండో అధ్యయనమే మా వార్డుకు అసలు పాఠం. 316 మందిలో సగంమందికి హాలోపెరిడాల్ ఒక్కటే, సగంమందికి ప్రోమెథజైన్ కలిపి. ఒంటరి హాలోపెరిడాల్ వేసినవాళ్లలో పదిమందికి కండరాలు రాయిలా బిగుసుకున్నాయి. కలిపి వేసినవాళ్లలో ఒక్కరికీ లేదు.

ఆ బిగుసుకోవడం ఎలా ఉంటుందో చూసినవాళ్లు మరిచిపోరు. వేరేచోట ఒంటరి హాలోపెరిడాల్ పడ్డ ఒక అమ్మాయిని మర్నాడు మా దగ్గరికి తెచ్చారు. మెడ ఎడమ భుజం మీదకు తిరిగి అక్కడే ఆగిపోయింది. కళ్లు పైకి లేచి తెల్లగుడ్లు మాత్రమే కనబడుతున్నాయి. నాలుక బయటికి వచ్చింది, మాట ముద్దగా వస్తోంది. పిల్లకు తెలివి పూర్తిగా ఉంది, భయంతో కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. తల్లి కొంగున నిమ్మకాయ, పిల్ల మెడలో కొత్త తాయెత్తు. ‘నిన్న తగ్గింది సిస్టర్, రాత్రి మళ్ల గాలి పట్టింది’ అంది. డాక్టర్ చూసిన వెంటనే ఫెనర్గాన్ అన్నారు. వేసి పక్కనే కూర్చున్నాను. మొదట కళ్లు కిందికి దిగాయి. తర్వాత మెడ కొంచెం కొంచెంగా నడుమకు వచ్చింది. అరగంట కూడా పట్టలేదు. డోపమిన్‌ను అడ్డుకున్నప్పుడు మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనానిది పైచేయి అవుతుంది, కండరాలు అందుకే బిగుస్తాయి. ప్రోమెథజైన్‌లోని ఆ రెండో గుణం దాన్ని అడ్డుకోవడమే. మొదటి మందు చేసే కీడుకు రెండో మందు కాపలా. ఈ బిగుసుకోవడం పడుచువాళ్లలో, ముఖ్యంగా మగపిల్లల్లో ఎక్కువ.

అలాగని ఈ జత అందరికీ పనికిరాదు. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లాణ్ణి తెచ్చారనుకోండి. ఒళ్లు కాలుతుంటుంది, నోరు ఎండిపోయి ఉంటుంది, కంటిపాప పెద్దదై ఉంటుంది, గాలిలో ఏవో దారాలు పీకుతుంటాడు. ఉమ్మెత్త చేసేది కూడా ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకోవడమే. అక్కడ ప్రోమెథజైన్ వేస్తే విషానికి విషం కలిపినట్టే. పురుగుమందు తాగినవాళ్లకు అట్రోపిన్ ఎక్కువై గొడవ చేసినా అంతే. ఇలాంటివాళ్లకు డాక్టర్లు లొరాజెపామ్, డయజెపామ్ వైపే వెళతారు.

మా జిల్లాలకు పెద్ద పరీక్ష కల్లు. తాటిచెట్టు కల్లు కాదు నేను చెప్పేది, డిపోల్లో దొరికే కల్తీ కల్లు. అందులో క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారు. రోజూ తాగేవాళ్ల మెదడు ఆ మందులకు అలవాటు పడుతుంది. 2015 సెప్టెంబరులో ఎక్సైజు వాళ్ల దాడులతో కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి వరసపెట్టి జనం ఆసుపత్రులకు వచ్చారు. చేతుల వణుకు, ఫిట్స్, లేని మనుషులతో మాటలు, గుడ్డలు చింపుకోవడం. చూడ్డానికి పిచ్చి పట్టినట్టే ఉంటుంది. అది పిచ్చి కాదు, అలవాటైన మత్తు తెగిపోవడం. వీళ్లకు హాలోపెరిడాల్ మాత్రమే వేస్తే ఫిట్స్ వచ్చే అవకాశం ఇంకా పెరుగుతుంది. ముందు ఇవ్వాల్సింది డయజెపామ్ జాతి మందే, తర్వాత రోజులకొద్దీ మెల్లగా తగ్గిస్తూ రావాలి. సారా మానేసి మూడో రోజు పురుగులు పాకుతున్నాయని గోడలు తట్టేవాళ్లదీ ఇదే లెక్క. వాళ్లకు థయామిన్ సూది కూడా మరవకూడదు. ‘కల్లు తాగుతడా?’ అని అడిగితే ‘ఎప్పుడన్న, పండుగకు’ అంటారు. నేను పేషెంటు భార్య వైపు చూస్తాను. ఆమె తల దించుకుంటే నాకు జవాబు దొరికినట్టే.

ముసలివాళ్ల సంగతి వేరు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిన ఎనభై ఏళ్ల పెద్దమనిషి సాయంత్రమయ్యేసరికి సొంత కూతుర్ని దొంగ అంటాడు. ఆయనకు లొరాజెపామ్ ఇస్తే తికమక ఇంకా పెరగవచ్చు. హాలోపెరిడాల్ ఇచ్చినా పడుచువాళ్లకిచ్చే దాంట్లో చిన్న భాగమే. పార్కిన్సన్స్ జబ్బుంటే అదీ వద్దు. లైటు వేసి, కళ్లజోడు పెట్టి, తెలిసిన మొహం ఒకటి పక్కన కూర్చోబెట్టడం అక్కడ సగం వైద్యం.

అమెరికాలో పనిచేసే మన నర్సులు బి-52 అనే జత గురించి చెబుతుంటారు. బెనడ్రిల్ 50, హాలోపెరిడాల్ 5, లొరాజెపామ్ 2. బాంబులేసే విమానం పేరు కలిసొచ్చిందని అక్కడ అందరూ వాడేస్తారట. పేషెంటు వినేచోట ఆ మాట నా నోట రాదు. ఇంగ్లండులో నైస్ అనే సంస్థ 2015 నాటి మార్గదర్శకాలు ఒంటరి లొరాజెపామ్ గానీ, హాలోపెరిడాల్–ప్రోమెథజైన్ జత గానీ వేయమన్నాయి. గుండె పరిస్థితి ఏమిటో తెలియని మనిషికి, ఈసీజీ తీయని మనిషికి హాలోపెరిడాల్ మానమన్నాయి, ఆ మందు గుండె లయను చెడగొట్టగలదు కనుక. తన్నులాడే మనిషికి ఈసీజీ ఎలా తీస్తారని మీరు అడగొచ్చు. తీయలేం. అలాంటప్పుడు లొరాజెపామ్‌తో మొదలుపెట్టి, నెమ్మదించాక తీస్తారు.

డాక్టరు ఆలోచించి కట్టిన జత కంటే ఎవరికీ తెలియకుండా కట్టుకునే జతలంటేనే నాకు ఎక్కువ భయం. ఒక రాత్రి ఇరవై ఐదేళ్ల కుర్రాణ్ణి ఆటోలో తాళ్లతో కట్టి తెచ్చారు. నా ప్రశ్నలన్నిటికీ ‘లేదు’ అనే జవాబే. పీజీ డాక్టర్ లొరాజెపామ్ రాయబోతుంటే కుర్రాడి బావ పక్కకు జరిగి చొక్కా జేబులోంచి ఒక ఖాళీ ఆంప్యూల్ తీశాడు. ఊళ్లో ఆర్ఎంపీ వేశాడట, ‘దవఖానలో చెప్పొద్దు’ అన్నాడట. చెరిగిపోయిన అక్షరాల్లో డయజెపామ్ అని చదవగలిగాం. కండలో వేసిన డయజెపామ్ ఒక పద్ధతిగా ఒంట్లోకి ఎక్కదు. గంట దాకా ఏమీ కాలేదనిపించి, అప్పుడు ఒక్కసారిగా ముంచెత్తగలదు. దాని మీద లొరాజెపామ్ పడి ఉంటే, పైగా సాయంత్రం తాగిన క్వార్టర్ కలిసి ఉంటే, తెల్లారేసరికి ఊపిరి ఎవరు లెక్కపెట్టాలి? డాక్టర్ రాసింది కొట్టేశారు. తాళ్లు విప్పించి, మాటలతో పట్టి ఉంచాం. ముక్కాలు గంటలో కుర్రాడు తనంతట తానే పడుకున్నాడు.

‘చాయ్‌లో కలిపి తాపినం’ అనే జవాబూ తరచుగా వింటాను. మందు వద్దనే మనిషికి దాచి పెట్టడం ఇళ్లలో మామూలు. ఆ పని మీద నాకు మంచి అభిప్రాయం లేదు, కానీ ఆ రాత్రి తీర్పు చెప్పడానికి నేను అక్కడ లేను. ఎన్ని గోళీలు, ఎన్ని గంటలకు అన్నదే కావాలి. కొన్ని మందులకు పొత్తు కుదరదు. ఓలాంజపైన్ సూదిని లొరాజెపామ్ లాంటి మందు సూదితో ఒకేసారి వేయకూడదు, కనీసం గంట ఎడం ఉండాలి. రెండూ కలిస్తే రక్తపోటు పడిపోయి ఊపిరి కుంగిన ఘటనలున్నాయి. వెల్లూరువాళ్లే 300 మంది మీద ఓలాంజపైన్ సూదినీ పాత జతనూ పోల్చారు. రెండూ పావుగంటలోనే పనిచేశాయి గానీ, ఓలాంజపైన్ వాళ్లలో 43 శాతం మందికి నాలుగు గంటల్లోపు ఇంకో మందు అవసరమైంది, పాత జతలో 21 శాతానికే. ధర తక్కువున్న పాత మందు గెలవడం ప్రభుత్వ ఆసుపత్రి మనిషిగా నాకు సంతోషమే.

సూది వేసేటప్పుడు చేతికొకరు, కాలికొకరు, తల దగ్గర ఒకరు. ఛాతీ మీద, మెడ మీద ఎవరి బరువూ పడకూడదు. బోర్లా అదిమి పట్టి ఉంచడం ప్రాణం మీదకు తెస్తుంది. వేశాక ఇంట్లోవాళ్లు ‘హమ్మయ్య’ అని చాయ్‌కి వెళతారు. నా పని అప్పుడు మొదలవుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, మొదటి గంటలో పావుగంటకోసారి ఊపిరి లెక్క, నాడి, బీపీ, ఆక్సిజన్, జ్వరం. పిలిస్తే పలుకుతున్నాడా అని చూస్తాను. మోచెయ్యి వంచి చూస్తాను. ఒళ్లు కొయ్యలా బిగిసి, జ్వరం ఎక్కుతుంటే డాక్టరును నిద్ర లేపాల్సిందే, అది డోపమిన్‌ను అడ్డుకునే మందులతో అరుదుగా వచ్చే ప్రాణాంతక స్థితి కావచ్చు.

చట్టం గురించి రెండు ముక్కలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అత్యవసరంలో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా చికిత్స మొదలుపెట్టవచ్చు, మామూలుగా 72 గంటల వరకు. పట్టి ఉంచడం, కట్టడం శిక్షగా గానీ, సిబ్బంది తక్కువున్నారన్న సాకుతో గానీ చేయకూడదు. ఎందుకు, ఎంతసేపు అన్నది రాసిపెట్టాలి. గొలుసులు ఏ రూపంలోనూ వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన చోట మంటలంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. వాళ్లను అక్కడ చేర్చింది కూడా ప్రేమ ఉన్న కుటుంబాలే. ఇంట్లో పరిస్థితి చెయ్యి దాటకముందే 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. చెయ్యి దాటితే 108.

మెలకువ వచ్చాక ఏం వేశామో పేషెంటుకే చెప్పాలని నా పట్టుదల. డిశ్చార్జి చీటీలో మందు పేరు, మోతాదు, ఎలా పడిందో రాయమని పీజీలను సతాయిస్తాను. రెండుమూడేళ్లకోసారి ఉద్రేకం తిరగబెట్టే ఒక టైలర్ మా దగ్గరికి వస్తుంటాడు. బాగున్న రోజుల్లో ఆయనే పర్సులో ఒక చీటీ పెట్టుకున్నాడు, భార్య దగ్గర దాని నకలు ఉంది. ‘సెరెనేస్ ఒక్కటే వేస్తే నాలుక తిరగదు. లొరాజెపామ్ పడుతుంది. నలుగురు మీద పడొద్దు, మా పెద్దోణ్ణి పిలువుండ్రి.’ చట్టంలో ముందస్తు ఆదేశ పత్రం అని ఒకటి ఉంది, ఇది అంతటిది కాదు. నిజానికి అత్యవసర చికిత్సకు ఆ పత్రం వర్తించదని చట్టమే అంటుంది. చీటీ చదవడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డం రాదు. పోయినసారి ఆయన భార్య దాన్ని నా చేతిలో పెట్టగానే డ్యూటీ డాక్టరుకు చూపించాను, ఆయన చదివి లొరాజెపామ్ రాశారు, మేం పెద్దకొడుక్కి ఫోన్ చేశాం.